సాఫ్ట్‌వేర్‌లో మనిషి నడవడు: మోషన్ సెన్సర్ సిమ్యులేషన్ మీద ఒక ప్రసంగం

(ఈసీఈ డిప్లొమా, బీటెక్ విద్యార్థుల వర్క్‌షాప్‌లో చేసిన ప్రసంగానికి పాఠం. చివర్లో ప్రశ్నలు, జవాబులు ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి తెర కనిపిస్తోందా? ముందు వరస ట్యూబ్‌లైట్ ఒకటి ఆపేయండి బాబూ. సరే, ఇప్పుడు బాగుంది.

మినీ ప్రాజెక్ట్‌కి మోషన్ సెన్సర్ తీసుకున్నవాళ్ళు చేతులెత్తండి. సగం హాలు లేచింది, ఊహించిందే. మనిషి వస్తే లైటు వెలగాలి, దొంగ వస్తే బజర్ మోగాలి, తలుపు దగ్గరికొస్తే తలుపు తెరుచుకోవాలి. పేరు ఏది పెట్టినా లోపల సర్క్యూట్ ఒక్కటే: ఒంటి వేడితో కదలికని పట్టే ఒక పీఐఆర్ సెన్సర్, ప్రోగ్రాం నడిపే ఒక ఆర్డ్యుయినో యూనో బోర్డు, లైటుని వేసి ఆపే స్విచ్‌లా పనిచేసే ఒక రిలే. తప్పేం లేదు, నేర్చుకోవడానికి మంచి సర్క్యూటే. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తే ఈ మూడూ ఒకే షాపులో దొరుకుతాయి. కానీ మీ గైడ్ సార్ ముందు సిమ్యులేషన్, అంటే కంప్యూటర్‌లో సర్క్యూట్ నడిపి చూపించమంటారు. మీరు ప్రొటియస్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ తెరిచి, కాంపొనెంట్ వెతికే చోట పీఐఆర్ అని కొడతారు. ఏమీ రాదు. అక్కడ మొదలవుతుంది టెన్షన్.

ఈ రోజు ఆ టెన్షన్ తీరుస్తాను, అది పది నిమిషాల పని. మిగతా సమయమంతా ఇంకో విషయానికి. మీ సిమ్యులేషన్‌లో మనిషి ఉండడు, వేడి ఉండదు, గది ఉండదు. కాబట్టి "సెన్సర్ మనిషిని పట్టుకుంటుందా" అన్నది సిమ్యులేషన్‌ని అడగకూడని ప్రశ్న. "సెన్సర్ ఎలా ప్రవర్తించినా నా ప్రోగ్రాం నిలబడుతుందా" అని అడగండి. దానికి అది చాలా బాగా జవాబు చెబుతుంది. నా దగ్గరకొచ్చే ప్రాజెక్టుల్లో ఎక్కువ భాగం మొదటి ప్రశ్న మాత్రమే అడిగి, ఎల్ఈడీ వెలగ్గానే స్క్రీన్‌షాట్ తీసుకుని ఆగిపోతున్నాయి.

ముందు అసలు సెన్సర్ ఏం చేస్తుందో చూద్దాం. ఇది హెచ్‌సీ-ఎస్‌ఆర్501, మీకందరికీ తెలిసిన తెల్ల డోమ్ బోర్డు. డోమ్ మెల్లగా లాగితే ఊడొస్తుంది. లోపల గుండ్రటి లోహపు డబ్బా, దాని మీద చిన్న కిటికీ. ఆ కిటికీ వెనక పైరోఎలక్ట్రిక్ పదార్థం ముక్కలు రెండు పక్కపక్కన ఉంటాయి. వాటి మీద పడే వేడి మారితే వాటి ఉపరితలం మీద చార్జ్ పుడుతుంది. మారితేనే! ఉష్ణోగ్రత ఎంత ఉందన్నది దానికి పట్టదు, ఎంత త్వరగా మారుతోందన్నదే పడుతుంది. అందుకే మీరు గదిలో కదలకుండా కూర్చుంటే కాసేపటికి మీరు లేరనుకుంటుంది. ఆఫీసు వాష్‌రూముల్లో లైటు ఆరిపోయి జనం చేతులూపుతారే, దానికి కారణం ఇదే. (నవ్వులు)

రెండు ముక్కలెందుకు? వాటిని వ్యతిరేక దిశల్లో కలుపుతారు. గది మొత్తం మెల్లగా వేడెక్కితే రెండింటి మీదా ఒకేలా పడుతుంది, ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మనిషి అడ్డంగా నడిస్తే ముందు ఒక ముక్క చూస్తుంది, తర్వాత రెండోది. అప్పుడు సిగ్నల్ ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఊగుతుంది. ఇందులోంచే ఇంకో సంగతి తెలుస్తుంది. సెన్సర్‌కి ఎదురుగా నేరుగా నడిచి వచ్చేవాణ్ణి ఇది ఆలస్యంగా పడుతుంది, అడ్డంగా నడిచేవాణ్ణి వెంటనే పడుతుంది. బిగించేటప్పుడు తలుపుకి ఎదురుగా పెట్టకుండా పక్క గోడకి పెట్టమనేది అందుకే.

ఇక ఆ తెల్ల డోమ్. దాన్ని మూత అనుకుని తీసి పారేసేవాళ్ళున్నారు. అది వేడి కిరణాల్ని సెన్సర్ మీదికి చేర్చే ఫ్రెనెల్ లెన్స్, పాలిథిలిన్‌తో చేస్తారు. మన చర్మం 33 డిగ్రీల దగ్గర ఉంటుందనుకుంటే, వీన్ సూత్రం ప్రకారం 2898ని 306 కెల్విన్‌తో భాగిస్తే దాదాపు 9.5 మైక్రాన్లు వస్తుంది. మన ఒంటి నుంచి వచ్చే వికిరణం ఆ తరంగదైర్ఘ్యం దగ్గర గరిష్ఠంగా ఉంటుంది. పాలిథిలిన్ దాన్ని పోనిస్తుంది, కిటికీ అద్దం పోనివ్వదు. అద్దం వెనక పెట్టి "సార్, సెన్సర్ పోయింది" అంటే సెన్సర్ పోలేదు, అద్దం అడ్డుకుంది.

డబ్బా వెనక బోర్డు మీద ఒక చిప్ ఉంటుంది. చాలా బోర్డుల మీద అది బీఐఎస్‌ఎస్0001. సెన్సర్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది, దాన్ని రెండు దశల్లో పెంచి విండో కంపారేటర్‌కి ఇస్తుంది. సిగ్నల్ సరఫరా వోల్టేజిలో సగం దగ్గర కూర్చుని ఉంటుంది. సరఫరాలో 0.7 వంతు కన్నా పైకి పోయినా, 0.3 వంతు కన్నా కిందికి పడినా కదలిక ఉన్నట్టు లెక్క. ఆ తర్వాత అంతా టైమర్ల పని. మన సిమ్యులేషన్‌కి పనికొచ్చేది ఈ టైమర్ల భాగమే, కాబట్టి ఇక్కడ కాస్త నిదానంగా వినండి.

మొదటి టైమర్, కదలిక పట్టాక అవుట్‌పుట్ ఎంతసేపు హైలో, అంటే వోల్టేజి ఉన్న స్థితిలో, ఉండాలో చూస్తుంది. డేటాషీట్ ఇచ్చే సూత్రం: 24576 గుణించు రెసిస్టర్, గుణించు కెపాసిటర్. 10 కిలోఓమ్‌లు, 0.01 మైక్రోఫారడ్ వేసి చూడండి, 2.46 సెకన్లు వస్తుంది. అదే కెపాసిటర్‌తో రెసిస్టెన్స్ 1 మెగాఓమ్ అయితే 246 సెకన్లు, అంటే నాలుగు నిమిషాల పైనే. బోర్డు మీద స్క్రూడ్రైవర్‌తో తిప్పే రెండు ప్రీసెట్లలో ఒకటి మార్చేది ఈ రెసిస్టెన్స్‌నే. రెండోది సెన్సర్ ఎంత దూరం చూడాలన్నది, ఉరామరిగా 3 నుంచి 7 మీటర్లు.

రెండో టైమర్ గురించి ఎక్కువమందికి తెలియదు. అవుట్‌పుట్ హై నుంచి లో స్థితికి పడిన తర్వాత కొంతసేపు చిప్ కళ్ళు మూసుకుంటుంది, ఏం జరిగినా పట్టించుకోదు. దీని సూత్రం 24 గుణించు రెసిస్టర్, గుణించు కెపాసిటర్. 1 మెగాఓమ్, 0.1 మైక్రోఫారడ్ పెడితే 2.4 సెకన్లు. హెచ్‌సీ-ఎస్‌ఆర్501 అమ్మేవాళ్ళు 2.5 సెకన్ల బ్లాక్ టైమ్ అని రాసేది ఇదే. ఎందుకు పెట్టారు? లోడ్ ఆరేటప్పుడు సరఫరాలో పుట్టే కుదుపుని మళ్ళీ కదలిక అనుకోకుండా. ఇది గుర్తుపెట్టుకోండి, దీనితో మనకు పని పడుతుంది.

మూలన ఒక జంపర్ (పిన్నుల్ని కలిపే చిన్న తొడుగు) కూడా ఉంటుంది, హెచ్, ఎల్ అని రాసి. హెచ్‌లో పెడితే మనిషి కదులుతున్నంతసేపూ టైమర్ మళ్ళీ మొదటి నుంచి లెక్కపెడుతుంది, అవుట్‌పుట్ హైలోనే ఉంటుంది. ఎల్‌లో పెడితే కదులుతున్నా సరే, టైమ్ అయిపోగానే పడిపోతుంది, బ్లాక్ టైమ్ అయ్యాక మళ్ళీ లేస్తుంది. ఇక పవర్ ఇచ్చిన మొదటి నిమిషం దీన్ని నమ్మకూడదు. లోపల వోల్టేజిలు స్థిరపడేదాకా, గదిలో ఎవరూ లేకపోయినా రెండు మూడు సార్లు ఊరికే లేచి పడవచ్చు.

ఇప్పుడు ప్రొటియస్‌లోకి పోదాం. ఇది బ్రిటన్‌లోని ల్యాబ్‌సెంటర్ ఎలక్ట్రానిక్స్ తయారుచేసే సాఫ్ట్‌వేర్. దీని బలమేమిటంటే, మీ ప్రోగ్రాంని కంపైల్ చేస్తే వచ్చే అసలు హెక్స్ ఫైలునే మైక్రోకంట్రోలర్‌లో నడిపిస్తుంది. పీఐఆర్ కోసం మీరంతా వాడేది హాబీ ఇంజనీర్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చిన లైబ్రరీ. డౌన్‌లోడ్ చేస్తే సాధారణంగా మూడు ఫైళ్ళుంటాయి: ఒకటి లిబ్, ఒకటి ఐడీఎక్స్, ఒకటి హెక్స్. మొదటి రెండూ ప్రొటియస్ లైబ్రరీ ఫోల్డర్‌లో పడాలి. చాలా వెర్షన్లలో అది సీ డ్రైవ్‌లోని ప్రోగ్రామ్‌డేటా కింద ఉంటుంది. అది దాచిన ఫోల్డర్, అందుకే "సార్, ఆ ఫోల్డరే లేదు" అంటారు. ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్ళి దాచిన ఫైళ్ళు కనిపించేలా టిక్ పెట్టండి. ఫైళ్ళు వేశాక ప్రొటియస్ మూసి మళ్ళీ తెరవాలి, తెరిచి ఉండగా వేస్తే కనపడదు.

ఇదిగో వచ్చింది. దీని మీద డబుల్ క్లిక్ చేస్తే ప్రోగ్రామ్ ఫైల్ అడుగుతుంది, మూడో ఫైలు ఇక్కడివ్వాలి. సెన్సర్‌కి ప్రోగ్రామ్ ఫైల్ ఎందుకు అని ఎప్పుడైనా ఆలోచించారా? ఆ బొమ్మ వెనక ఉన్నది ఒక మైక్రోకంట్రోలర్ మోడల్. పైన పీఐఆర్ బొమ్మ, లోపల "టెస్ట్ పిన్ హై అయితే అవుట్‌పుట్ హై చెయ్యి" అనే ప్రోగ్రాం, అంతే. పైరోఎలక్ట్రిక్ లేదు, లెన్స్ లేదు. అసలు సెన్సర్‌కి మూడు పిన్నులే, ఇక్కడ నాలుగోది టెస్ట్ పిన్. మనిషి బదులు మనమే దాన్ని కదిలించాలి. దానికి లాజిక్‌స్టేట్ అనే కాంపొనెంట్ తగిలించండి, మౌస్‌తో నొక్కితే సున్నా ఒకటి అవుతుంది. టెస్ట్ పిన్‌ని గాలికొదిలేయకండి. వదిలితే అవుట్‌పుట్ మీ ఇష్టం వచ్చినట్టు కాదు, దానిష్టం వచ్చినట్టు ఉంటుంది.

ఆర్డ్యుయినోకి హెక్స్ ఎలా? ఆర్డ్యుయినో ఐడీఈలో స్కెచ్ మెనూకి వెళ్ళి కంపైల్డ్ బైనరీ ఎగుమతి చేయండి. రెండు హెక్స్ ఫైళ్ళు వస్తాయి. బూట్‌లోడర్ అని పేరులో ఉన్నది వద్దు, రెండోది తీసుకోండి. నడిపిద్దాం. లాజిక్‌స్టేట్ నొక్కాను, సెన్సర్ లేచింది, ఎల్ఈడీ వెలిగింది. పది నిమిషాల పని అన్నానుగా, అయిపోయింది.

ప్రొటియస్ లైసెన్స్ మీ ల్యాబ్‌లో ఉంటే సరే. ఇంట్లో చేసుకోవడానికి ఉచితంగా బ్రౌజర్‌లో నడిచేవి రెండున్నాయి. ఆటోడెస్క్ వాళ్ళ టింకర్‌క్యాడ్‌లో సెన్సర్ మీద క్లిక్ చేస్తే ముందు ఒక ప్రాంతం, అందులో ఒక చిన్న బంతి కనపడతాయి. బంతిని కదిపితే కదలిక. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, స్కూలు పిల్లలకి చూపించడానికి అదే మేలు. వోక్వీలో సెన్సర్‌ని నొక్కితే కదలిక పుట్టించే బటన్ వస్తుంది. నా ఓటు వోక్వీకి. ఎందుకంటే అందులో అవుట్‌పుట్ ఎంతసేపు హైలో ఉండాలి, తర్వాత ఎంతసేపు కళ్ళు మూసుకోవాలి, మళ్ళీ ట్రిగ్గర్ అవ్వాలా వద్దా అని మూడూ మనమే మార్చుకోవచ్చు. ఇందాక చెప్పిన రెండు టైమర్లు, జంపర్ అందులో ఉన్నాయన్నమాట. మోడల్ చేసినవాళ్ళకి సెన్సర్ తెలుసు.

ఇక అసలు పనికి వద్దాం. మీ సెన్సర్ బొమ్మని కాసేపు తీసి పక్కన పెట్టండి. అవును, తీసేయండి. దాని అవుట్‌పుట్ ఆర్డ్యుయినోలో ఏ పిన్నుకి వెళ్తుందో, ఆ తీగకి ఒక జనరేటర్ తగిలించండి. ప్రొటియస్ ఎడమ వైపు జనరేటర్ మోడ్‌లో డీప్యాటర్న్ అని ఉంటుంది. దాంట్లో మనకు కావలసిన హై, లోల వరసని ముందే రాసిపెట్టుకోవచ్చు. ఇప్పుడు ఒక పాడు సెన్సర్‌ని తయారుచేద్దాం. పవర్ ఇచ్చిన నాలుగో సెకనులో ఊరికే 3 సెకన్ల పల్స్. ఇరవయ్యో సెకను దగ్గర ఇంకోటి. నలభయ్యో సెకను దగ్గర మరోటి. నిమిషం దాటాక నిజం మనిషి వచ్చాడు: 5 సెకన్లు హై, 2.5 సెకన్లు లో, మళ్ళీ 5 సెకన్లు హై, 2.5 లో. ఎల్ జంపర్‌లో పెట్టిన బోర్డు, గదిలో తిరుగుతూ ఉన్న మనిషి ముందు ఇలాగే ఆడుతుంది.

దీనికి మీలో చాలామంది రాసే ప్రోగ్రాం పెడదాం. పిన్ హై అయితే లైటు వెయ్యి, డిలే 30 సెకన్లు, లైటు ఆపు. గ్రాఫ్ చూడండి. నాలుగో సెకనులో ఎవరూ లేకుండానే లైటు వెలిగింది, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఇదే జరుగుతుంది. బజర్ ప్రాజెక్ట్ అయితే ఇంటి వాళ్ళకి నిద్ర ఉండదు. ఇప్పుడు నిమిషం తర్వాత చూడండి. మనిషి గదిలోనే ఉన్నాడు, కదులుతున్నాడు. 30 సెకన్ల డిలే అయిపోయింది, లైటు ఆరింది. ఆ క్షణానికి సెన్సర్ బ్లాక్ టైమ్‌లో ఉంటే పిన్ లోలో ఉంది. కాబట్టి సెన్సర్ మళ్ళీ లేచేదాకా, అంటే రెండున్నర సెకన్ల దాకా మనిషి చీకట్లో ఉంటాడు. ఆ 30 సెకన్లూ ప్రోగ్రాం నిద్రపోతోంది, అప్పుడు మనిషి కదిలాడో లేదో దానికి తెలియదు. లాజిక్‌స్టేట్‌ని చేత్తో నొక్కుతూ కూర్చుంటే ఈ తప్పు మీకు ఎప్పటికీ కనపడదు. ఎందుకంటే మీరు ఎప్పుడూ బుద్ధిగా ఒకసారి నొక్కి, లైటు ఆరేదాకా ఆగుతారు. మనుషులు అలా నడవరు.

సరిచేయడం కష్టం కాదు. డిలే తీసేయండి. పిన్ హైలో ఉన్న ప్రతిసారీ "చివరిసారి చూసిన సమయం" అనే వేరియబుల్‌లో మిల్లీస్ (బోర్డు మొదలైనప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్ల లెక్క) విలువ రాసుకోండి. ఇప్పటి సమయంలోంచి చివరిసారి చూసినది తీసేస్తే 30 సెకన్లు దాటితే అప్పుడు ఆపండి. తీసివేతగానే రాయాలి. "చివరిది కూడిక 30 సెకన్లు" అని రాస్తే, మిల్లీస్ 49.7 రోజులకోసారి సున్నాకి తిరిగినప్పుడు తేడా కొడుతుంది. మొదటి 60 సెకన్లు పిన్ ఏమన్నా వినకండి, ఆ సమయంలో ఒక చిన్న ఎల్ఈడీ మినుకుమినుకుమనేలా చేయండి, చూసేవాళ్ళకి ఇంకా సిద్ధం కాలేదని తెలుస్తుంది. సెన్సర్ మీద టైమ్ ప్రీసెట్‌ని కనిష్ఠానికి తిప్పేయండి. సమయం లెక్క ప్రోగ్రాంలో ఒక్కచోటే ఉండాలి. రెండు చోట్ల ఉంటే లైటు ఎప్పుడు ఆరుతుందో మీకే చెప్పడం రాదు.

ఒక సలహా. ఈ 60, 30 అనే అంకెల్ని ప్రోగ్రాం పైన స్థిరాంకాలుగా పెట్టుకోండి. సిమ్యులేషన్‌లో 6, 3 చేసుకుని నడపచ్చు, ప్యాటర్న్‌ని కూడా అంతే కుదించండి. ఒక్కోసారి ల్యాబ్ కంప్యూటర్ మీద సీపీయూ భారం ఎక్కువై రియల్ టైమ్‌లో నడవడం లేదని ప్రొటియస్ హెచ్చరిక ఇస్తుంది. అప్పుడు మీ చేతి గడియారం చూసుకుని ఉపయోగం లేదు, కింద నడిచే సిమ్యులేషన్ గడియారమే లెక్క.

ఇప్పుడు బ్లాక్ టైమ్ ఎందుకుందో చెప్పాను కదా, ఆ గొడవని కూడా సిమ్యులేషన్‌లో పుట్టించవచ్చు. అసలు బోర్డు మీద జరిగేది ఇది. రిలే టక్కుమని పడుతుంది, 5 వోల్టుల లైన్ ఒక్కసారి కుదుపుతుంది, పీఐఆర్ దాన్ని కదలిక అనుకుని లేస్తుంది. మీ ప్రోగ్రాం లైటు వేస్తుంది, 30 సెకన్ల తర్వాత ఆపుతుంది, మళ్ళీ టక్కు, మళ్ళీ లైటు. ఖాళీ గదిలో తెల్లార్లూ ఇదే. చిప్‌లో రెండున్నర సెకన్ల బ్లాక్ టైమ్ ఉన్నా ఇక్కడ అది కాపాడదు. అది సెన్సర్ తన అవుట్‌పుట్ పడినప్పుడు మొదలుపెట్టే లెక్క. మీ రిలే పడేది 30 సెకన్ల తర్వాత, అప్పటికి అది ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ప్రొటియస్‌లో సరఫరా గీత గీసినట్టు నిలకడగా ఉంటుంది, అందుకే ఈ తప్పు దానంతటది రాదు. మనమే పిలవాలి. రిలే నడిపే పిన్ నుంచి ఒక 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా 555 టైమర్ ట్రిగ్గర్‌కి కలపండి, ట్రిగ్గర్‌ని 10 కిలోఓమ్‌లతో పైకి కట్టండి. 555ని మోనోస్టేబుల్‌గా, అంటే ట్రిగ్గర్‌కి ఒక్క పల్సే ఇచ్చేలా, 100 కిలోఓమ్‌లు, 10 మైక్రోఫారడ్‌లతో పెడితే ఒక సెకను పల్స్ వస్తుంది. దాన్ని, మీ ప్యాటర్న్‌ని ఒక ఆర్ గేటులో కలిపి ఆర్డ్యుయినోకి ఇవ్వండి. ఇప్పుడు రిలే పడిన ప్రతిసారీ ఒక దొంగ కదలిక పుడుతుంది. నడపండి. చూశారా, లైటు ఇక ఆరనంటోంది. ప్రోగ్రాంలో "రిలే ఆపిన తర్వాత మూడు సెకన్లు పిన్ వైపు చూడకు" అని ఒక్క షరతు పెట్టండి, తీరిపోతుంది. అసలు బోర్డు మీద పీఐఆర్ పల్స్ ఒక సెకను కాకుండా కనీసం రెండున్నర సెకన్లు ఉంటుంది కాబట్టి, అక్కడ ఆ మూడుని ఆరు చేసుకోండి. బోర్డు కాలేదు, రిలే పోలేదు, అర్ధరాత్రి ఎవరూ మిమ్మల్ని తిట్టలేదు.

వోల్టేజిల సంగతి త్వరగా చెప్పేస్తాను. అసలు హెచ్‌సీ-ఎస్‌ఆర్501కి 5 వోల్టులు ఇచ్చినా అవుట్‌పుట్ 3.3 వోల్టులే. యూనోలోని ఏటీమెగా328పీ 5 వోల్టుల మీద నడుస్తుంటే, హై అని ఒప్పుకోవడానికి డేటాషీట్ ప్రకారం దానిలో 0.6 వంతు, అంటే 3 వోల్టులు కావాలి. తేడా 0.3 మాత్రమే. పనిచేస్తుంది, కానీ పది మీటర్ల సన్నటి తీగ లాగి ట్యూబ్‌లైట్ చోక్ పక్కనుంచి తీసుకెళ్తే చెప్పలేం. లైబ్రరీ మోడళ్ళలో అవుట్‌పుట్ దగ్గర వోల్టేజ్ ప్రోబ్ పెట్టి చూడండి, చాలావాటిలో 5 కనిపిస్తుంది. అంటే సిమ్యులేషన్ మీకు లేని ధైర్యం ఇస్తోంది. అలాగే రిలే. 5 వోల్టుల నీలం రంగు చిన్న రిలే కాయిల్ దాదాపు 70 మిల్లీయాంపులు లాగుతుంది, ఆర్డ్యుయినో పిన్ గరిష్ఠ పరిమితి 40. నేరుగా కలిపిన సర్క్యూట్ సిమ్యులేషన్‌లో పనిచేసినా నమ్మకండి. మధ్యలో బీసీ547, బేస్‌కి 1 కిలోఓమ్, కాయిల్ మీద తిరగేసిన డయోడ్ ఉండి తీరాలి. ఇంకోటి, ప్రొటియస్‌లో చాలా ఐసీలకి పవర్ పిన్నులు దాచి ఉంటాయి, మీరు కలపకపోయినా అది కలిపేసుకుంటుంది. ఆ బొమ్మ చూసి బ్రెడ్‌బోర్డ్ మీద కడితే గ్రౌండ్ తీగే ఉండదు.

సెన్సర్ లోపలి అనలాగ్ భాగం మీద ఆసక్తి ఉన్నవాళ్ళు ప్రొటియస్ వదిలి ఎల్‌టీస్పైస్ తీసుకోండి. ఉచితం. దాని మూలం 1973లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో లారెన్స్ నేగెల్, ప్రొఫెసర్ డోనాల్డ్ పెడర్సన్ బయటపెట్టిన స్పైస్ ప్రోగ్రాం. సర్క్యూట్‌ని సమీకరణాలుగా పరిష్కరించే మన సాఫ్ట్‌వేర్లన్నీ ఏదో ఒక రకంగా దాని సంతానమే. అందులో పైరో ముక్క బదులు ఒక చిన్న సిగ్నల్ సోర్స్ పెట్టి, మనిషి నడకకి 1 హెర్ట్జ్ సైన్ అలని, ఎండ మెల్లగా మారడానికి 0.01 హెర్ట్జ్ అలని ఇవ్వండి. రెండు దశల యాంప్లిఫయర్ మొదటిదాన్ని కొన్ని వేల రెట్లు పెంచి, రెండోదాన్ని ఎందుకు వదిలేస్తుందో, ఏ ఫ్రీక్వెన్సీని ఎంత పెంచుతుందో చూపే ఏసీ విశ్లేషణలో ఒక్క వక్రరేఖలో కనపడుతుంది. అది చూసినవాడికి వైవాలో భయం ఉండదు.

ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ రానిది ఒకటుంది. అది మన ఎండాకాలం. సెన్సర్ చూసేది మనిషికి, వెనక గోడకి మధ్య వేడిలో తేడాని. జనవరిలో గోడ 22 డిగ్రీలు, చర్మం 33, మంచి తేడా. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో సాయంత్రం గోడ ముట్టుకుని చూడండి. గోడ 34, 35 దగ్గరుంటే మనిషి, గోడ సెన్సర్‌కి ఒక్కటే. అప్పుడు దాని చూపు బాగా తగ్గుతుంది. గోడ ఇంకా వేడెక్కితే మనిషే చల్లగా కనపడి మళ్ళీ పడుతుంది, ఎందుకంటే విండో కంపారేటర్‌కి పైకైనా కిందికైనా ఒకటే. కాబట్టి ప్రాజెక్ట్ డెమో డిసెంబర్‌లో అయిపోయినా, నిజంగా ఎక్కడైనా బిగించేదైతే ఏప్రిల్, మే దాకా ఉంచి చూడండి.

ప్రశ్నలుంటే అడగండి.

సార్, లైబ్రరీ దొరక్కపోతే ఒక పుష్ బటన్ పెట్టి అదే పీఐఆర్ అని చూపించచ్చా?

చూపించచ్చు. నిజానికి మీరు డౌన్‌లోడ్ చేసిన మోడల్ చేసేది కూడా దాదాపు అదే. దాని పక్కన "పీఐఆర్ అవుట్‌పుట్‌కి బదులు" అని స్పష్టంగా రాయండి. కానీ బటన్‌కి బౌన్స్ (ఒక్కసారి నొక్కినా చాలాసార్లు కలిసి విడిపోవడం) ఉంటుంది, పీఐఆర్‌కి ఉండదు, అది శుభ్రమైన పల్స్ ఇస్తుంది. బటన్ కోసం డీబౌన్స్ కోడ్ రాసి దాన్ని సెన్సర్‌కి అంటగట్టకండి. నన్నడిగితే బటన్ కన్నా డీప్యాటర్న్ మేలు, ఎగ్జామినర్ ముందు ప్రతిసారీ ఒకేలా నడుస్తుంది.

మేడం గారు రాడార్ సెన్సర్ తీసుకోమన్నారు సార్, ఆర్‌సీడబ్ల్యూఎల్-0516. దానికీ ఇదే పద్ధతా?

అవునమ్మా, ప్రోగ్రాం వైపు నుంచి చూస్తే అది కూడా కదలిక ఉంటే కాసేపు హై అయ్యే పిన్నే. సెకన్లు మార్చుకుంటే చాలు. ఎండతో దానికి గొడవ లేదు, అది వేడిని చూడదు, మైక్రోవేవ్ తరంగాలు పంపి తిరిగొచ్చేవి చూస్తుంది. ప్లాస్టిక్ పెట్టె లోపల కనపడకుండా పెట్టుకోవచ్చు. కానీ చెక్క తలుపు అవతల నడిచేవాళ్ళని కూడా పట్టేస్తుంది. కాబట్టి మీ ప్యాటర్న్‌లో అక్కర్లేని కదలికలు పీఐఆర్‌కి పెట్టినదానికన్నా ఎక్కువ పెట్టండి.

మాది వైఫై ఉన్న ఈఎస్‌పీ8266 బోర్డుతో సార్. వోక్వీలో ఈఎస్‌పీ32 పెట్టి చూస్తే అంతా బాగానే ఉంది. బోర్డు మీద మాత్రం ఎవరూ లేకపోయినా మొబైల్‌కి అలర్ట్‌లు వస్తూనే ఉన్నాయి.

పీఐఆర్‌ని, ఈఎస్‌పీని ఎంత దగ్గరగా పెట్టారు? పక్కపక్కనేనా? అదే. వైఫై ప్రసారం మొదలైనప్పుడు ఈఎస్‌పీ ఒక్కసారిగా కరెంటు లాగుతుంది, పైగా దాని యాంటెనా సెన్సర్‌లోని సున్నితమైన యాంప్లిఫయర్ పక్కనే ఉంది. అలర్ట్ పంపడానికి వైఫై ప్రసారం, ఆ ప్రసారం వల్ల ఇంకో అలర్ట్. సిమ్యులేషన్‌లో ఇది రాదు, అక్కడ రేడియో తరంగం సెన్సర్‌ని తాకదు. ముందు రెండింటినీ ఒక జానెడు దూరం జరిపి చూడండి. పీఐఆర్ పవర్ పిన్నుల దగ్గర 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, 0.1ది ఒకటి పెట్టండి. అయినా వస్తుంటే ఇందాకటి రిలే చిట్కా ఇక్కడ కూడా వాడండి: అలర్ట్ పంపిన తర్వాత కొన్ని సెకన్లు పిన్ చూడకుండా ఉండండి. ఆ షరతుని ముందు వోక్వీలో పెట్టి, అలర్ట్ వెళ్ళగానే కదలిక బటన్ నొక్కి పరీక్షించండి. అక్కడ రెండో అలర్ట్ రాకపోతే కోడ్ బాగున్నట్టే. మిగిలింది తీగలు, దూరం.